బుడుబుంగకు కట్టిన ముడుపు

ఒకటి. పుష్య బహుళ దశమి. ఈశాన్యపు గాలి, మెత్తగా.

ఒంటి చీటీ, అంటే ఒక్కరే పడవ నడపడానికి అనుమతి, కోరేవాళ్ళు పరీక్షరోజు దాకా దినచర్య రాయాలని రేవు సంఘం నియమం. రాసింది రాసినట్టే ఉంచాలట, కొట్టివేతలు పనికిరావట. సరే, రాస్తాను. చదివేవాళ్ళు తర్వాత నొచ్చుకుంటే నా పూచీ లేదు.

పేరు పైడిరత్నం. వయసు యాభై ఎనిమిది. వృత్తి కళ్ళద్దాలు. మా ఆయన గురువులు ఇంట్లో గాజు నూరి అద్దాలు చేస్తాడు. నేను వాటిని పడవలో వేసుకుని గోగురేవు నుంచి కళింగపట్నం దాకా పదకొండు రేవుల్లో దిగుతాను. చూపు పరీక్షించి, ఎవరికి సరిపోయేవి వాళ్ళ ముక్కు మీద పెట్టి వస్తాను. బూజు రాకముందు కళ్ళద్దాలు కూడా ప్లాస్టిక్‌వే ఉండేవట. ప్లాస్టిక్ తినే ఆ బూజు గాలిలో పడ్డ ఏడు మా అమ్మమ్మ అద్దాలు ఆమె ముక్కు మీదే జావగారిపోయాయట. మోటార్ల తీగల తొడుగులు, నైలాను తాళ్ళు, వలలు అన్నీ ఆ ఏడే పోయాయి. ఇప్పుడు ఉన్నవి గాజు, గుడ్డ, గోగునార, గాలి. వాటితో నాకు ఏ పేచీ లేదు.

మా పడవ పేరు బుడుబుంగ. మునిగే పిట్ట పేరు పడవకు పెడతారా అని ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. మునిగినా తేలే పిట్ట కదా అంటాను.

పడవలో ఇద్దరం. చుక్కాని దగ్గర నేను, తెరచాప కొయ్య దగ్గర మా ఆడబిడ్డ సింహాద్రమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. చాప ఎత్తినా, దించినా, గాలి ముదిరితే కుదించినా తాళ్ళన్నీ కొయ్య మొదట్లోనే ఉంటాయి కాబట్టి ఆ పనంతా వదినదే.

ఈరోజు చేపల పులుసు తింటూ వదిన చెప్పింది. "రత్నం, నాను పెళ్ళి సేసుకుంతన్నానే. కళింగపట్నం దీపస్తంభం నీలయ్యని."

అరవై ఒకటో ఏట! నీలయ్య రెండేళ్ళలో మూడుసార్లు అద్దాలు మార్పించుకున్నాడు. చూపులో లోపమేమీ లేదు. నాకు అప్పుడే అర్థం కావలసింది.

సంతోషంతో వదినను కావలించుకున్నాను. తర్వాత ఒక్కదాన్నే రేవుకు వెళ్ళి పడవలో కూర్చుని ఏడ్చాను. రాసింది రాసినట్టే ఉండాలన్నారు కాబట్టి అదీ రాస్తున్నాను.

రెండు. పుష్య బహుళ ద్వాదశి. గాలి మొన్నటిలాగే.

సంఘం మనిషి ఎరకయ్య గారు వచ్చి సంగతి తేల్చి చెప్పారు. పడవలో ఇద్దరైనా ఉండాలి, లేదా ఒంటి చీటీ అయినా ఉండాలి. మాఘ పౌర్ణమి లోపల రెండూ లేకపోతే బుడుబుంగను ఉప్పు మోసేవాళ్ళకు ఇస్తారు. పడవ సంఘానిది. అద్దాల పెట్టె ఒక్కటే నాది.

రెండో మనిషి దొరకడు. కుర్రకారంతా గాలిమరల కొలువులకు పోతున్నారు. గురువులు పడవ ఎక్కితే రేవు దాటకుండానే వాంతులు. నేను ఒక్కదాన్నే నడుపుదామంటే, నిరుడు జారిపడ్డ మోకాలు తడి చెక్కల మీద కొయ్య దాకా పాకనివ్వదు. అలల్లో అసలే వద్దు.

కాబట్టి కొయ్య దగ్గరికి నేను వెళ్ళలేకపోతే, కొయ్య దగ్గరి తాళ్ళే చుక్కాని పీట దగ్గరికి రావాలి. చెప్పడానికి ఎంత తేలికో!

మధ్యాహ్నం మా ఆయన గాజు నూరే సాన ముందు కూర్చుని అడిగాడు. "ఏటే, కప్పీలు ఎన్ని గావాల?"

"పెద్దవి నాలుగు, సిన్నవి ఆరు. తాడు జారినా సప్పుడు రాకూడదు."

"కళ్ళజోడు కంటే కప్పీయే సులువు. దానికి ఎదరోడి ముక్కు కొలవక్కర్నేదు" అని పనస చెక్క తీశాడు.

మూడు. మాఘ శుద్ధ తదియ. తూర్పు గాలి.

ఎలా అమర్చానో రాస్తాను, పరీక్షకులకు పనికొస్తుంది. చాప ఎత్తే తాడు కొయ్య కొసన ఉన్న కప్పీ మీంచి కిందికి దిగుతుంది. ఇంతకుముందు అక్కడితో దాని ప్రయాణం సరి. ఇప్పుడు కొయ్య మొదట్లో మరో కప్పీ బిగించాను. తాడు అక్కడ మలుపు తిరిగి, చెక్క మీదుగా వెనక్కి పాకి, చుక్కాని పీట ముందున్న పలకలోని కన్నం గుండా నా చేతికి వస్తుంది. పక్కనే చుట్టి బిగించడానికి ఒక కొయ్య కొమ్ము. చాప కుదించే తాడుకూ ఇదే దారి, దాని కన్నం వేరే. చాపను గాలికి తిప్పే తాడు ఎప్పుడూ నా దగ్గరే ఉండేది, దాని జోలికి పోలేదు.

లాగాను. చాప ఎక్కింది! కొంచెం బరువుగా ఎక్కింది కానీ ఎక్కింది. గట్టు మీద గురువులు చప్పట్లు కొట్టాడు.

తర్వాత దించబోయాను. తాడు వదిలేశాను. చాప అలాగే నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ వదిన రెండు చేతులా లాగి దించేది కాబట్టి దానంతట అదే దిగే అలవాటు దానికి లేదు. పైగా ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా తాడు ఒరుసుకుంటోంది. ఎక్కించడం గురించి వారం రోజులు ఆలోచించాను, దించడం గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు. దిగని చాపతో రేవుకేసి దూసుకొచ్చి సత్రం మెట్లకు బుడుబుంగ ముక్కు ఆనించి ఆపాను. మెట్ల మీద బట్టలుతుకుతున్న వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాలుగు. మాఘ శుద్ధ షష్ఠి. గాలి బాగుంది.

చాప పై మూలకు ఇంకో సన్నతాడు కట్టి, కిందికి తెచ్చి, కప్పీ తిప్పి నా దగ్గరికి లాగాను. దీని పేరు దించే తాడు. ఎత్తే తాడు వదిలి దీన్ని లాగితే చాప బుద్ధిగా దిగుతోంది. ఇప్పుడు నా ముందు నాలుగు తాళ్ళు ఉన్నాయి. అన్నీ గోగునారవే, అన్నీ ఒకే రంగు. మొదటిసారి ఒకటి లాగబోయి ఇంకోటి లాగాను. అందుకని ఎత్తేదాన్ని పసుపులో, దించేదాన్ని నీలిమందులో, కుదించేదాన్ని కరక్కాయ రసంలో ముంచాను. తిప్పేది తెల్లగానే ఉంది.

వదిన వచ్చి చూసింది. పీట మీద నా పక్కన కూర్చుని ఒక్కో తాడూ లాగి చూసింది. చాప ఎక్కింది, దిగింది, కుదించుకుంది.

"అయితే నాను నేకపోయినా పడవ నడిసిపోద్దన్నమాట" అంది.

"నడవాల గదా ఒదినా."

"నడవాల్లే" అంది. లేచి వెళ్ళిపోయింది. ఆ మాట ఇంకాస్త మెత్తగా చెప్పి ఉండవలసింది.

ఐదు. మాఘ శుద్ధ నవమి. గాలి పెరిగింది.

ఈరోజు చాప అడుగెత్తు కూడా ఎక్కలేదు. ఎంత లాగినా ఎత్తే తాడు రాలేదు. చేతులు ఎర్రబడ్డాయి. కప్పీ పగిలిందేమో అనుకుని, గట్టుకు కట్టిన పడవే కదా అని కుంటుకుంటూ కొయ్య దాకా వెళ్ళి చూశాను.

ముడుపు! పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ, గుప్పెడు బియ్యం పోసి, ఎత్తే తాడుకు కొయ్య మొదట్లో గట్టిగా కట్టి ఉంది. తాడు కదిలితే ముడుపు కప్పీలో ఇరుక్కుంటుంది. ఆ ముడి ఎవరిదో చూడగానే తెలిసింది. ప్రతి ప్రయాణానికి ముందూ వదిన గంగమ్మ తల్లికి మొక్కి అక్కడే, ఆ తాడుకే ముడుపు కట్టేది. ఇన్నేళ్ళూ చాప ఎత్తాకే కట్టేది, దించే ముందే విప్పేది. కట్టేదీ విప్పేదీ తనే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు.

పిలిపించాను. వచ్చింది.

"పరీచ్చలో నువ్వు గెలవాలనీసి మొక్కినాను. తప్పేటి?"

"తప్పు కాదొదినా. ఆ తాడిప్పుడు కదుల్తాది. కాస్త ఇప్పీసి పక్కన కొయ్యకి కట్టు."

వదిన నన్ను చూసిన చూపు! "మొక్కు తీరకుండా ముడుపు ఇప్పుతారేటి? ఓలమ్మ, నీకు మతి పోనాదా?"

ఆరు. మాఘ శుద్ధ దశమి. గాలి ఉంది. మాకు దానితో పని లేకుండా పోయింది.

పరిస్థితి ఇది. నేను పరీక్ష గెలిస్తే తప్ప ముడుపు విప్పకూడదు. ముడుపు విప్పితే తప్ప పరీక్ష గెలవలేను. గురువులు ఈ సంగతి విని అన్నం తింటూ పొలమారేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఐదు రోజులుంది.

నేనే విప్పెయ్యనా అని ఒకసారి ఆలోచించాను. గంగమ్మంటే నాకు భయం తక్కువే. కానీ వదిన మొక్కును నా చేత్తో విప్పడం నా వల్ల కాదు. తనకు వెళ్ళిపోతున్నానన్న బాధ ఉంది. నాకు ఒంటరిదాన్ని అవుతున్నానన్న కోపం ఉంది. ఆ రెంటికీ మధ్య ఆ పసుపు మూట ఒక్కటే మంచిమాటలా ఉంది.

కొత్త తాడు వేద్దామంటే ఈ రేవులో తాళ్ళు పేనే ఇల్లు ఒక్కటే. వాళ్ళు ఉగాది తర్వాత రమ్మన్నారు.

మధ్యాహ్నమంతా ముడుపు ముందు కూర్చుని చూశాను. ముడుపు తాడు మీద ఉండటం కాదు తంటా. కప్పీకి ముందు ఉండటం తంటా. అదే ముడుపు పీట దగ్గరి కన్నం దాటి, నా చేతి పక్కన ఉంటే దేనికీ అడ్డం కాదు. తాడంతా ఊడదీసి, ముడుపు నా వైపు ఉండేలా వెనక్కి జరిపి మళ్ళీ ఎక్కించాలి. అప్పుడు చాప వైపు ఆరు బారలు తక్కువ పడుతుంది. ఆ ఆరు బారలకు తాడు కావాలి.

వదినకు చెప్పాను. ముడుపు విప్పక్కర్లేదు అనగానే కళ్ళు వెలిగాయి. ఆరు బారల తాడు అనగానే ఆలోచనలో పడింది.

ఏడు. మాఘ శుద్ధ ద్వాదశి. గాలి చూడలేదు.

తెల్లవారి తలుపు తీసేసరికి వాకిట్లో మంచం. వదిన పెళ్ళికి నీలయ్య పంపిన కొత్త మంచం, గోగునార నులకతో ఒత్తుగా అల్లింది. వదిన దాని పక్కన గొంతుక్కూర్చుని నులక విప్పుతోంది.

"ఒదినా! పెళ్ళిమంచం!"

"అయితే ఏటి? బేగి రా, ఆ కొస పట్టు."

"కొత్త పెళ్ళికూతురు నేల మీద పడుకుంతాదా?"

"సాప ఉన్నాది. నాకూ ఆయనకీ ఇద్దరికీ నడుం నొప్పే. నేల మీదే మంచిదని వైద్దిగం సేసే అప్ప సెప్పినాది" అంది తల ఎత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మూడేసి నులకలు కలిపి ఒక పేట. మూడు పేటలు మెలేస్తే తాడు. గురువులు ఒక కొస తిప్పాడు, వదిన ఇంకో కొస పట్టింది, మధ్యలో పేటలు విడిపోకుండా నేను నడిచాను. సందు పొడుగునా అటూ ఇటూ రోజంతా తిరిగాం. సాయంత్రానికి ఆరు బారలు వచ్చింది. మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు మిగిలాయి. వాటి మధ్యలోంచి వాకిట్లో ముగ్గు కనబడుతోంది.

పాత తాడు పేటలు, కొత్త తాడు పేటలు ఒకదానిలో ఒకటి జొనిపి అల్లింది వదిన. ముడి ఉండదు, కప్పీలో జారిపోతుంది. ఇరవై రెండేళ్ళు తాళ్ళు పట్టిన చేతులు కదా. అల్లుతూ అంది, "నీ మీద కోపంగా ఉన్నాను రత్నం. ఎల్లొద్దని ఒక్కసారైనా అంతావేమో అనీసి సూసినాను."

"అంటే ఆగిపోదువేమోనని అన్నేదు" అన్నాను.

మా ఆయన ఎందుకో లేచి నీళ్ళు తెస్తానని వెళ్ళాడు.

ఎనిమిది. మాఘ శుద్ధ చతుర్దశి. తూర్పు గాలి, పదునుగా.

అల్లిక దగ్గర తాడు కొంచెం లావెక్కింది. గురువులు కప్పీల గాడి సాన మీద మరికాస్త లోతు చేశాడు. చాప ఏడుసార్లు ఎత్తాను, ఏడుసార్లు దించాను. తాడు తడిపి కూడా చూశాను, గోగునార తడిస్తే ఉబ్బుతుంది కదా. అయినా జారింది. ముడుపు నా కుడిచేతి పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. రేపే పరీక్ష.

తొమ్మిది. మాఘ పౌర్ణమి. తూర్పు గాలి, మధ్యాహ్నానికి జోరు.

సముద్ర స్నానాలకు ఊళ్ళన్నీ రేవు మీదే ఉన్నాయి. పరీక్ష చూడటానికి ఇంతకంటే జనం దొరకరు. గట్టు ముందువరసలో వదిన, పక్కన గురువులు. పడవ నీళ్ళలో ఉందంటేనే మా ఆయన మొహం పాలిపోయి ఉంది.

పద్ధతి అందరికీ తెలిసిందే. చుక్కాని పీట ముందు పరీక్షకు కూర్చునే మనిషే ముగ్గుతో గీత గియ్యాలి. చాప ఎత్తాలి, కుదించాలి, దించాలి, మళ్ళీ ఎత్తి రేవుకు రావాలి. కాలు గీత దాటితే చీటీ లేదు.

ఎరకయ్య గారు పడవ ఎక్కగానే కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టారు.

"అదేటండీ?" అన్నాను.

"మీరు చేసిన అద్దాల్తో మిమ్మల్ని పరీక్ష చేస్తే రేపు జనం ఏమంటారు?"

అద్దాలు లేకపోతే ఆయన ఏనుగును కూడా తడిమి గుర్తుపట్టవలసిందే. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

పసుపు తాడు లాగాను. చాప ఎక్కింది. కరక్కాయ రంగు తాడు లాగాను. చాప కుదించుకుంది. గట్టు మీంచి ఈలలు. గర్వంగా ఉంది, అది కూడా రాస్తున్నాను. ఇక దించాలి. కొమ్ము మీంచి పసుపు తాడు వదులు చేసి, నీలి తాడు అందుకోబోతుండగా పెద్ద అల వచ్చి బుడుబుంగను పక్కకు వంచింది. చాప ఫట్‌ఫట్ మని కొట్టుకుంది. పసుపు తాడు నా చేతిలోంచి జారింది. తోకంతా బుసబుసలాడుతూ కన్నంలోంచి ముందుకు పరిగెత్తుతోంది. ఆ కొస కన్నం దాటితే కొయ్య దగ్గరికి పోతుంది. కొయ్య దగ్గరికి పోతే నేను పోలేను. కొసకు ముడి వెయ్యడం మర్చిపోయాను. ఎనిమిది రోజులు దినచర్య రాశాను, ఒక్క ముడి వెయ్యలేదు!

ముందుకు దూకబోయాను. కుడికాలు గాలిలోకి లేచింది.

టక్.

ముడుపు కన్నంలో ఇరుక్కుంది. బియ్యంతో నిండిన పసుపు మూట, వదిన కట్టిన ముడి, తాడు అంగుళం కదలనివ్వలేదు. మూర దూరంలో తాడు నా ముందే ఆగి ఉంది. కాలు వెనక్కి తీసుకున్నాను. ముందుకు పోయిన తాడు చాప దిగడానికి సరిపోయింది కాబట్టి నీలి తాడు లాగి దించాను. పసుపు తాడు పట్టుకుని మళ్ళీ ఎత్తాను. రేవుకు వచ్చి గట్టుకు ఆనించాను.

ఎరకయ్య గారు కళ్ళు చికిలించి చీటీ రాయబోతున్నారు. నా కాలు లేవడం ఆయనకు కనబడలేదు. గట్టు మీద సగం మందికి కనబడింది, అక్కడ గుసగుసలు మొదలయ్యాయి.

"ఆగండి" అన్నాను. "అద్దాలు పెట్టుకుని గీత సూడండి. గుడ్డి సీటీ నాకొద్దు."

ఆయన నన్నోసారి చూసి, అద్దాలు పెట్టుకున్నారు. వంగి గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. నా బొటనవేలు చూశారు. వేలికి ముగ్గుపిండి లేదు, గీత చెదరలేదు.

"కాలు లేచింది కానీ దాటలేదు" అన్నారు గట్టుకు వినబడేలా. తర్వాత కన్నంలో ఇరుక్కున్న గుర్తుతో నలిగిన ముడుపును వేలితో తట్టి, "దీన్ని అమర్చింది ఎవరు?" అన్నారు.

"మా ఒదిన" అన్నాను.

చీటీ మీద సంతకం చేశారు. వదిన మోకాలి లోతు నీళ్ళలో పడవ దగ్గరికి వచ్చేసింది. ఏడుస్తోందో, నీళ్ళు చిందాయో తెలియలేదు. నాకు మాత్రం రెండూనూ.

మొక్కు తీరింది కదా, ముడుపు విప్పాలి. వదిన విప్పింది. రూపాయి, బియ్యం గంగమ్మకు ఇవ్వడానికి కొంగులో కట్టుకుంది. ఖాళీ అయిన పసుపు గుడ్డలో మళ్ళీ ఇంకో రూపాయి, ఇంకో గుప్పెడు బియ్యం పోసి మూట కట్టింది.

"ఎక్కడ కట్టాలో ఈసారి నువ్వే సూపించు."

కన్నానికి ఇవతల, తాడు కొస దగ్గర చూపించాను. "ఇప్పుడేటి మొక్కు?"

"నెల నెలా నువ్వు కళింగపట్నం వొచ్చి నన్ను సూడాల" అంది ముడి బిగిస్తూ. "ఇది తీరిపోయే మొక్కు కాదు. ఇంక ఇప్పక్కర్నేదు."

పది. మాఘ బహుళ ఏకాదశి. ఈశాన్యపు గాలి.

పెళ్ళి ఆరు రోజుల కిందట బాగా జరిగింది. పరీక్ష అయిపోయింది కాబట్టి ఇక దినచర్య రాయనక్కర్లేదు. అలవాటైపోయి రాస్తున్నాను.

ఒక్కదాన్నే మొదటి ప్రయాణం. కొయ్య దగ్గర ఎవరూ లేరు. అలవాటుగా రెండుసార్లు "ఒదినా, కాస్త దించు" అని కేకేశాను. తర్వాత నేనే నీలి తాడు లాగాను. ముడుపు కన్నం పక్కన ఊగుతోంది.

ప్రయాణం: గోగురేవు నుంచి కళింగపట్నం. మనుషులు: ఒకరు. సరుకు: కళ్ళద్దాలు నలభై రెండు జతలు. కొత్త దంపతులకు ఒక మంచానికి సరిపడా నులక.